పదిహేడు మంది పోటీదారులు, ఫిబ్రవరి 5న మన ఓటు

(న్యూజెర్సీలో తెలంగాణ మిత్రుల సమావేశంలో 2007 డిసెంబర్ 15న చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా ముచ్చట ఢిల్లీ మీదికో హైదరాబాద్ మీదికో పోతుంది. ఇవాళ నాకు అప్పజెప్పిన అంశం వేరే. మనం బతుకుతున్న ఈ దేశంలో అధ్యక్ష పదవికి ఇంతమంది ఎందుకు నిలబడ్డారు, ఈ గుంపులోంచి ఒకరు ఎట్లా తేలుతారు, అందులో మనకేం పని? ఇరవై నిమిషాల్లో చెప్తాను. ఆ తర్వాత ప్రశ్నలు అడగండి, వాదించండి.

ముందు లెక్క చూద్దాం. డెమొక్రటిక్ పార్టీ వైపు ఇవాళ్టికి 8 మంది ఉన్నారు. న్యూయార్క్ సెనేటర్ హిల్లరీ క్లింటన్, ఇల్లినాయ్ సెనేటర్ బరాక్ ఒబామా, 2004లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జాన్ ఎడ్వర్డ్స్, న్యూమెక్సికో గవర్నర్ బిల్ రిచర్డ్‌సన్, 1973 నుంచి సెనేట్‌లో ఉన్న జో బైడెన్, కనెక్టికట్ సెనేటర్ క్రిస్ డాడ్, ఒహాయో కాంగ్రెస్ సభ్యుడు డెన్నిస్ కుసినిచ్, అలాస్కా మాజీ సెనేటర్ మైక్ గ్రావెల్. రిపబ్లికన్ల వైపు 9 మంది. రూడీ జులియానీ, మిట్ రామ్నీ, జాన్ మెకేన్, మైక్ హకబీ, ఫ్రెడ్ థామ్సన్, రాన్ పాల్, డంకన్ హంటర్, టామ్ టాంక్రీడో, అలన్ కీస్. మొత్తం 17 మంది.

ఇంతమంది ఎందుకంటే, కుర్చీ ఖాళీ అవుతోంది. 1951లో అమల్లోకి వచ్చిన 22వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కావడానికి వీల్లేదు. బుష్‌కు రెండు సార్లు అయిపోయాయి. మామూలుగా ఐతే ఉపాధ్యక్షుడు నేనున్నానంటూ ముందుకొస్తాడు. చేనీ రానన్నాడు. పదవిలో ఉన్న అధ్యక్షుడు గానీ ఉపాధ్యక్షుడు గానీ టికెట్ అడగని ఎన్నిక 1928 తర్వాత మళ్లీ ఇదే. రెండు పార్టీల్లోనూ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అందుకే ఈ రద్దీ.

ఇక్కడ మనం ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర టికెట్ అంటే అధిష్ఠానం చేతిలో ఉంటుంది. బి-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. ఊళ్లో కార్యకర్త ముప్పై ఏళ్లు జెండా మోసినా అతన్ని అడిగేవాడు లేడు. ఇక్కడ టికెట్ ఎవరికివ్వాలో ప్రధానంగా ఓటర్లే తేలుస్తారు. ప్రధానంగా అని ఎందుకు అంటున్నానంటే, డెమొక్రటిక్ పార్టీలో ఏ ప్రైమరీతోనూ సంబంధం లేకుండా ఓటు వేసే పెద్ద నాయకులు దాదాపు 800 మంది ఉన్నారు. వాళ్లను సూపర్ డెలిగేట్లు అంటారు. ఆ మినహాయింపు పక్కనపెడితే, నవంబర్ 4న మన ముందుకొచ్చే ఇద్దరిని ఎంపిక చేసేది ప్రైమరీలే. నవంబర్‌లో ఇద్దరిలో ఒకరిని ఎన్నుకోవడమొక్కటే ఓటు అనుకుంటే, పదిహేడు మందిని ఇద్దరు చేసే పనిని మనం వేరేవాళ్లకు వదిలేసినట్టే. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీనికి వివరణ.

గెలవరని తెలిసినవాళ్లు ఎందుకు నిలబడతారని కొందరు నన్ను అడిగారు. నల్గొండ జిల్లావాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు నేను చెప్పక్కర్లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. ఎంపీలు కావాలని కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోతున్న పల్లెల గోస దేశానికి వినపడాలని నామినేషన్లు వేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. గెలిచింది కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షమే, కానీ నల్గొండ నీళ్ల సంగతి ఢిల్లీదాకా చేరింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. గుంపుగా నిలబడటం కూడా ఒక రాజకీయమేనని మనకు తెలుసు.

ఇక్కడి చిన్న అభ్యర్థులను కూడా అట్లనే చూడండి. కుసినిచ్ ఈ ఏప్రిల్‌లో ఉపాధ్యక్షుడు చేనీ మీద అభిశంసన తీర్మానం పెట్టాడు. రాన్ పాల్ రిపబ్లికన్ వేదిక మీద నిలబడి ఇరాక్ యుద్ధం తప్పని చెప్తున్నాడు. నవంబర్ 5న ఒక్కరోజులో ఇంటర్నెట్ ద్వారా 40 లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి అతనికి. టాంక్రీడోకు ఉన్నది ఒక్కటే పాట, వలసల మీద. అతను గెలవడు. కానీ అతను పక్కన నిలబడి ఆ పాట పాడుతుంటే మిగతావాళ్లు కూడా వలసల మీద గొంతు పెంచాల్సి వస్తోంది. ఇది మనకు మంచిది కాదు. చిన్న అభ్యర్థి ఓడిపోయినా అతని మాట పెద్ద అభ్యర్థి నోట్లోకి వెళ్తుంది. అందుకే వాళ్లను చూసి నవ్వి వదిలేయకండి.

మరి ఈ గుంపు పలచబడేది ఎట్లా? ఇప్పటిదాకా ఈ దేశంలో ఒక్క అసలు ఓటు కూడా పడలేదు. అయినా కొందరు ఇంటికి వెళ్లిపోయారు. అయోవా మాజీ గవర్నర్ టామ్ విల్సాక్ డబ్బు సరిపోక ఫిబ్రవరిలోనే తప్పుకున్నాడు. వర్జీనియా మాజీ గవర్నర్ జిమ్ గిల్మోర్ జులైలో తప్పుకున్నాడు. ఆగస్టులో అయోవాలోని ఏమ్స్ పట్టణంలో రిపబ్లికన్లు ఒక నమూనా ఓటింగ్ పెట్టారు. దానికి 35 డాలర్ల టికెట్. ఆ టికెట్లు చాలావరకు అభ్యర్థులే కొని జనాన్ని తెచ్చుకుంటారు. 14 వేల పైచిలుకు మంది ఓటేశారు. రామ్నీ మొదట వచ్చాడు, ఎవరూ లెక్కచేయని హకబీ రెండో స్థానంలోకి వచ్చి పోటీదారుడయ్యాడు. ఆరో స్థానంలో వచ్చిన టామీ థామ్సన్ మర్నాడే తప్పుకున్నాడు. అక్టోబర్‌లో శామ్ బ్రౌన్‌బ్యాక్ కూడా వెళ్లిపోయాడు.

మొన్న గురువారం అయోవాలో జరిగిన డెమొక్రటిక్ చర్చ చూశారా? వేదిక మీద ఆరుగురే ఉన్నారు. కుసినిచ్‌ను ఎందుకు పిలవలేదంటే, అయోవాలో అతనికి అద్దె ఆఫీసు లేదని, అతని మనిషి ఇంట్లోంచే పనిచేస్తున్నాడని చర్చ నిర్వహించిన పత్రిక చెప్పింది. అంటే విరాళాలిచ్చేవాళ్లు, నమూనా ఓటింగ్‌కు వెళ్లినవాళ్లు, వేదిక మీద కుర్చీలు వేసేవాళ్లు ఇప్పటికే జల్లెడ పట్టడం మొదలుపెట్టారు.

అసలు జల్లెడ జనవరి 3న అయోవాలో మొదలవుతుంది. అక్కడ జరిగేది మనకు తెలిసిన పోలింగ్ కాదు, కాకస్. చలికాలం రాత్రి ఏడు గంటలకు బడిలోనో లైబ్రరీలోనో ఆ వార్డు జనం కూడుతారు. డెమొక్రాట్లకు రహస్య బ్యాలెట్ ఉండదు. ఎవరి అభ్యర్థి వైపు వాళ్లు అందరి ముందూ నిలబడాలి. సాధారణంగా ఆ గదిలో 15 శాతం మంది దొరకని అభ్యర్థి లెక్కలోకి రాడు. అతని మనుషులు ఇంకో గుంపులో కలవాలి, లేదంటే ఇంటికి పోవాలి. అంటే అక్కడ రెండో ఇష్టానికి కూడా విలువ ఉంటుంది. బైడెన్, డాడ్ మనుషులు రాత్రి ఏడున్నరకు ఎటువైపు నడుస్తారన్నది ఒబామా, హిల్లరీ, ఎడ్వర్డ్స్‌లలో ఎవరు ముందుంటారో మార్చేయగలదు.

2004లో అయోవా డెమొక్రటిక్ కాకస్‌కు వచ్చింది సుమారు 1 లక్షా 24 వేల మంది. అప్పటిదాకా దేశమంతా హోవర్డ్ డీన్ పేరు మారుమోగింది. అయోవాలో అతను మూడో స్థానంలో ఆగిపోయాడు, గెలిచిన కెర్రీకి టికెట్ దొరికింది. 1976లో జార్జియా బయట ఎవరికీ పెద్దగా తెలియని జిమ్మీ కార్టర్ డజనుకు పైగా పోటీదారుల మధ్య అయోవాలో మిగతా అందరి కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకుని, అక్కణ్నుంచి వైట్‌హౌస్‌దాకా వెళ్లాడు. ఇవాళ దేశవ్యాప్త సర్వేల్లో హిల్లరీ, జులియానీ ముందున్నారు. ఆ సర్వేలు చూసి పోటీ అయిపోయిందనుకునేవాళ్లకు ఈ రెండు పేర్లు గుర్తుచేయండి.

అయోవా జనాభా సుమారు 30 లక్షలు. ఐదు రోజుల తర్వాత, జనవరి 8న ప్రైమరీ జరిగే న్యూహ్యాంప్‌షైర్ జనాభా 13 లక్షలు. రెండూ కలిపినా మన హైదరాబాద్ మహానగరమంత జనం లేరు. చిన్న రాష్ట్రాలు బతకలేవని మనకు ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఒక్కసారి అక్కడికి వెళ్లి చూడాలి. దేశాన్ని ఏలాలనుకునేవాళ్లు ఆ చిన్న రాష్ట్రాల్లో టీ కొట్టులాంటి హోటళ్లలో కూర్చుని రైతుల ప్రశ్నలకు జవాబులు చెప్తున్నారు. ఐతే ఇందులో అన్యాయం లేదని నేను అనను. ఆ రెండు రాష్ట్రాల్లోనూ తెల్లవాళ్లే అత్యధికం, మనలాంటి వలసవాసులు చాలా తక్కువ. వాళ్ల ముందు మన సమస్య చెప్పేవాళ్లు లేరు. మిషిగన్, ఫ్లోరిడా మేమూ ముందే పెట్టుకుంటామని తేదీలు జరుపుకుంటే డెమొక్రటిక్ పార్టీ వాళ్ల డెలిగేట్లందరినీ రద్దు చేసింది, రిపబ్లికన్లు సగం కోశారు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. ఫిబ్రవరి 5న ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఒకేరోజు ఓటింగ్ జరుగుతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్‌తో పాటు మన న్యూజెర్సీ కూడా అందులో ఉంది. ఈ రాష్ట్రంలో రెండు పార్టీల లెక్కలు వేరువేరు. రిపబ్లికన్ ప్రైమరీలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే మొత్తం 52 మంది డెలిగేట్లూ పోతారు. ఐదుగురు పంచుకుంటే 30 శాతంతో కూడా అన్నీ ఎగరేసుకుపోవచ్చు. మన ఊరి ఎన్నికల్లో ఓట్లు చీలడం మనకు కొత్త కాదు కదా. డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటర్లు నిర్ణయించే 107 మంది డెలిగేట్లను వచ్చిన ఓట్ల ప్రకారం పంచుతారు, 15 శాతం దాటితే చాలు. అందుకని అక్కడ రెండో స్థానంలో ఉన్నవాళ్లకు వేసిన ఓటు కూడా వృథా కాదు.

ఈ లెక్కలోంచి ఒక జాగ్రత్త చెప్తాను. మనసులో ఒక్కరిని కాదు, ఇద్దరిని పెట్టుకోండి. ఫిబ్రవరి 5 నాటికి ఈ పదిహేడు మందిలో ఎంతమంది మిగులుతారో తెలియదు. కొందరు ఆఫీసు పనుల వల్ల ఓటు పోస్టులో పంపిద్దామనుకుంటున్నారు. జనవరి మొదట్లోనే పంపేస్తే, మీ అభ్యర్థి మధ్యలో తప్పుకున్నా మీ ఓటు అతని పేరు మీదే ఉండిపోతుంది. వీలైనంతవరకు సౌత్ కరోలినా ఫలితాలు వచ్చేదాకా ఆగండి. అక్కడ రిపబ్లికన్లకు జనవరి 19న, డెమొక్రాట్లకు 26న ఓటింగ్.

ఇక మన సంఘం సంగతి. మనోళ్లకు అభ్యర్థితో ఫొటో దిగడమంటే మహా ఇష్టం. విందు పెడతాం, చెక్కు ఇస్తాం, పక్కన నిలబడి ఫొటో దిగి హాల్లో గోడకు తగిలిస్తాం. ఆ అభ్యర్థిని మనం అడిగిందేమిటి? ఇండియా అంటే మీకిష్టమేనా అని అడుగుతాం. ఇష్టం కాదని ఎవరంటారు? అణు ఒప్పందానికి దారి తీసిన బిల్లు మీద గత ఏడాది నవంబర్‌లో సెనేట్‌లో 85 మంది అవునన్నారు, 12 మందే కాదన్నారు. ఆ ప్రశ్నతో పదిహేడు మందిలో తేడా కనిపించదు.

తేడా కనిపించే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1 లక్షా 40 వేలు. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి పోకూడదన్న పరిమితి ఉంది. నూరు కోట్లు దాటిన ఇండియాకూ, ఐదు లక్షల జనాభా లేని దేశానికీ అదే పరిమితి. ఈ గదిలో కూర్చున్న తమ్ముళ్లలో ఎంతమంది ఆ క్యూలో ఉన్నారో నాకు తెలుసు. పిల్లలు పెరుగుతున్నారు, భార్యలు చదువులుండి ఇంట్లో కూర్చున్నారు, ప్రమోషన్ తీసుకుంటే ఫైలు మళ్లీ మొదటికొస్తుందని భయం. ఈ జూన్‌లో వలస సంస్కరణల బిల్లు సెనేట్‌లో ముందుకు సాగకుండానే పడిపోయింది. మీరు గెలిస్తే ఈ దేశాలవారీ పరిమితిని ఏంచేస్తారని అడగండి. సూటిగా జవాబు చెప్పినవాళ్లెవరో, ఇండియా సంస్కృతి గొప్పదని దాటేసినవాళ్లెవరో రాసిపెట్టుకోండి.

డబ్బుంటే చాలు, గౌరవం అదే వస్తుందనుకునేవాళ్లకు ఈ ఏడాది జరిగింది ఒకటి చెప్తాను. జూన్‌లో ఒబామా ప్రచార బృందం పంచిన ఒక కాగితం బయటపడింది. హిల్లరీకి ఇండియన్లతో ఉన్న సంబంధాలను ఎగతాళి చేస్తూ ఆమెను పంజాబ్ సెనేటర్ అన్నట్టుగా రాశారు. తర్వాత ఒబామా అది తెలివితక్కువ తప్పని ఒప్పుకున్నాడు. అంతకు ముందు ఏడాది బైడెన్, తమ డెలావేర్‌లో డోనట్ల షాపుకు వెళ్లాలన్నా ఇండియన్ యాస కావాలన్నట్టు మాట్లాడి చిక్కుల్లో పడ్డాడు. ఇద్దరూ మనకు శత్రువులని నేననడం లేదు. మన చెక్కులు అందరికీ కనిపిస్తున్నాయి, మన ఓట్లు ఇంకా కనిపించడం లేదని మాత్రం అంటున్నాను.

ఓటు కనిపిస్తే ఏమవుతుందో కూడా చూశాం. ఈ పదిహేడు మందిలో ఉండాల్సిన ఇంకో పేరు ఇవాళ లేదు. వర్జీనియా సెనేటర్ జార్జ్ అలెన్‌ను అధ్యక్ష పదవికి గట్టి పోటీదారుడిగా చెప్పుకునేవాళ్లు. 2006 ఆగస్టులో ఒక సభలో, తనను వీడియో తీస్తున్న ప్రత్యర్థి పక్షపు కుర్రవాణ్ని కోతి జాతి పేరుతో పిలిచి, అమెరికాకు స్వాగతమని వెటకారం చేశాడు. ఆ పిల్లవాడు వర్జీనియాలోనే పుట్టిన భారతీయ సంతతి విద్యార్థి. నవంబర్‌లో అలెన్ 10 వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. సెనేట్ కూడా రిపబ్లికన్ల చేయి జారింది. మనోళ్ల ఓట్లే అతన్ని ఓడించాయని నేను అనను. కానీ తేడా 10 వేల లోపు ఉన్నప్పుడు ఎవరి ఓటునూ తీసిపారేయలేరు.

కాబట్టి ఎవరేం చేయాలో విడివిడిగా చెప్తాను.

సిటిజన్లయినవాళ్లు: ఓటరుగా నమోదు కాకపోతే జనవరి 15 లోగా కౌంటీకి ఫారం చేరాలి. ఏ పార్టీలోనూ పేరు లేని ఓటరు ఫిబ్రవరి 5న బూత్‌లోనే పార్టీ చెప్పి ఓటు వేయొచ్చు. న్యూయార్క్‌లో ఇప్పటికే నమోదైన ఓటరు పార్టీ మార్చుకునే గడువు అక్టోబర్‌లోనే దాటిపోయింది. పెన్సిల్వేనియావాళ్లకు ఏప్రిల్ 22 దాకా సమయముంది గానీ, అక్కడా పార్టీలో నమోదైతేనే ప్రైమరీ ఓటు. మన ఇళ్లల్లో సిటిజన్లయిన అమ్మానాన్నలున్నారు. మనకేం తెలుస్తుంది బిడ్డా అంటారు. అక్కడ ఒక్క ఎన్నిక కూడా తప్పని వాళ్లు ఇక్కడ ఎందుకు తప్పాలి? ముందు వాళ్ల ఫారం నింపండి.

గ్రీన్ కార్డువాళ్లు: మీకు ఓటు లేదు, కానీ విరాళమివ్వొచ్చు. ప్రైమరీకి ఒక అభ్యర్థికి ఒక్కొక్కరు 2,300 డాలర్ల దాకా ఇవ్వొచ్చు. 200 డాలర్లు దాటితే పేరు, ఉద్యోగం వివరాలు ప్రభుత్వ రికార్డులో అందరికీ కనిపిస్తాయి.

హెచ్-1బి మీద ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది జాగ్రత్తగా వినండి. మీరు విరాళం ఇవ్వకూడదు. ఒక్క డాలరైనా చట్ట విరుద్ధమే. నా పేరు మీద నువ్వు ఇయ్యి, నీకు నగదు ఇస్తానని ఎవరన్నా అంటే అది ఇంకా పెద్ద నేరం. గత సెప్టెంబర్‌లో ఒక నిధుల సేకరణకర్త మీద ఆరోపణలు రాగానే, అతను తెచ్చిన సుమారు 8 లక్షల 50 వేల డాలర్లు హిల్లరీ ప్రచారం వెనక్కి ఇచ్చేసింది. పెద్దవాళ్లు డబ్బు తిప్పి పంపి బయటపడతారు, మీ గ్రీన్ కార్డు ఫైలు బయటపడదు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరు ఫారం చేతిలో పెడితే అందులో సిటిజన్‌నని సంతకం పెట్టకండి. ఆ ఒక్క సంతకంతో దేశం వదిలిపోవాల్సి రావొచ్చు. మీరు చేయగలిగిందీ ఉంది. జీతం తీసుకోకుండా ప్రచారంలో పనిచేయొచ్చు. ఫోన్లు చేయొచ్చు, ఓటున్నవాళ్లను కార్లో బూత్‌కు తీసుకుపోవచ్చు. మీ ప్రశ్న మీరే అడగొచ్చు.

నువ్వెవరికి వేస్తావని అడుగుతారని తెలుసు. నేను డెమొక్రటిక్ ప్రైమరీలో వేస్తాను. 2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధానికి అనుమతినిచ్చే తీర్మానం మీద హిల్లరీ, ఎడ్వర్డ్స్, బైడెన్, డాడ్ అవునని ఓటేశారు. కుసినిచ్ కాదని ఓటేశాడు. అప్పుడు ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్‌లో ఉన్న ఒబామా ఆ యుద్ధం వద్దని బహిరంగంగా మాట్లాడాడు. నాకు అది పెద్ద విషయం. హిల్లరీకున్న అనుభవం కూడా చిన్నదేమీ కాదు. గ్రీన్ కార్డు ప్రశ్నకు ఇద్దరి నుంచీ సరైన జవాబు నాకింకా దొరకలేదు. జనవరి 26 దాకా వింటాను, ఆ తర్వాత తేల్చుకుంటాను. మీరు రిపబ్లికన్ వైపు వేసినా నాకు కోపం లేదు. అటువైపు వలసల మీద టాంక్రీడో గొంతు తప్ప ఇంకో గొంతు వినపడాలంటే మనోళ్లు అక్కడా ఉండాలి.

ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ముప్పై ఐదేళ్లు నిండితే ఈ పోటీలో నిలబడే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. బాబీ జిందాల్ ఈ అక్టోబర్‌లో లూసియానా గవర్నర్‌గా గెలిచాడు. రేపు మన పిల్లలు నిలబడినప్పుడు వాళ్ల వెనక ఓట్లుండాలంటే ఆ ఓట్లు ఇప్పటినుంచే జాబితాలో ఉండాలి. తలుపు దగ్గర బల్ల మీద ఓటరు ఫారాలు పెట్టాం. సిటిజన్లయినవాళ్లు భోజనాలకు పోయేముందే ఒకటి తీసుకుని నింపండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.